ఎర్రక్క వణికిన పూట

మా ఆయన పప్పులో ఉప్పు వేశానంటే నేను నమ్మను. గరిటెతో రవ్వంత అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలించుకుని చూస్తాను. పదిహేడేళ్ల కాపురంలో ఆయన ఒక్కసారి కూడా ఉప్పు మరిచిపోలేదు. అయినా చూస్తాను. "ఏం మే, విషమేమన్నా కలిపినానా?" అని ఆయన నవ్వుతాడు. నవ్వనీ. అనుమానించడం నా ఉద్యోగం. ఆ బుద్ధిని సాయంత్రం ఆఫీసులోనే కొక్కేనికి తగిలించి రావడం నాకు చేతకాలేదు.

నా పేరు మునిలక్ష్మి. హార్స్‌లీ కొండ మీద, నీలగిరి చెట్ల వెనక మా అంతరిక్ష దుర్భిణి కేంద్రం ఉంది. దుర్భిణి పేరు తొలిపొద్దు. అదేమో భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల ఉంటుంది. కొండ మీద ఉండేది మేమూ, మా కంప్యూటర్లూ, కిటికీలోంచి చెయ్యి పెట్టి టిఫిను డబ్బాలు ఎత్తుకుపోయే కోతులూ. నక్షత్రాల ఆఫీసంటే రాత్రంతా మేలుకోవాలి కాబోలని మా చుట్టాలు జాలిపడతారు. అక్కడున్న దుర్భిణికి పగలేమిటి, రాత్రేమిటి? నేను పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం అయిదుకు ఇల్లు చేరతాను.

మేం కాచుకుని కూర్చునేది పేలే నక్షత్రాల కోసం. పేలిన నక్షత్రాలను లోకంలో అందరూ చూశారు. కానీ అందరూ చూసింది పేలాక, పూటో రెండు రోజులో గడిచాక. ఇల్లు కాలిపోయిన తర్వాత వెళ్లి బూడిద కెలికినట్టు. మొదటి నిప్పురవ్వను ఏ మనిషీ చూడలేదు. దాన్ని చూడ్డానికే తొలిపొద్దులో 'నాడి' అనే పరికరం పెట్టారు. పెద్ద నక్షత్రం గుండె కూలిపోయాక ఆ దెబ్బ లోపలినుంచి పైకి ఎక్కివస్తుంది. పైపొర చిరగడానికి గంటన్నర ముందు నక్షత్రం సన్నగా వణుకుతుంది. ఆ వణుకును నాడి పట్టుకుంటుంది. వెంటనే దుర్భిణిని అటు తిప్పితే, తిరగడానికి గంట పడుతుంది. అంటే, వణుకు నిజమో కాదో తేల్చడానికి మిగిలేది అరగంట.

ఆ అరగంట నాది.

తిప్పడమంటే మాటలు కాదు. వేగంగా తిప్పితే ఇంధనం ఖర్చవుతుంది. రెండేళ్ల కిందట పరికరం మీద ఏవో కణాలు తగిలితే, దాన్నే వణుకనుకుని రెండుసార్లు తిప్పేశారు. ఏమీ కనిపించలేదు. ఇప్పుడు వేగంగా తిప్పడానికి ఇంధనం ఒక్కసారికే ఉంది. డిసెంబరుకల్లా దుర్భిణిని మూసేస్తారు. అందుకని ఒక నియమం పెట్టారు, ప్రపంచంలో ఎక్కడా లేనిది. పరిశీలకులు ఏమరకుండా ఉండాలని అప్పుడప్పుడూ దొంగ వణుకులను తయారుచేసి నిజం వాటిలో కలుపుతారు. మేం దాన్ని 'కల్తీ' అంటాం. కలిపేది ఎవరో డైరెక్టర్ ఇబ్రహీం సాహెబ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఏ రోజు ఏం కలిపిందీ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి, సాహెబ్ గదిలో ఇనుప బీరువాలో పెడతారు.

వణుకు రాగానే నేను 'నిజం' అంటే కవరు విప్పుతారు. అందులో ఆ వణుకు రాసి ఉంటే అందరూ నన్ను చూసి నవ్వుకుని టీ తాగడానికి పోతారు. రాసి లేకపోతే దుర్భిణి తిరుగుతుంది. నేను 'కల్తీ' అంటే అక్కడితో సరి. కవరు విప్పరు, దుర్భిణి కదలదు. పరిశీలకురాలి మాటే చివరిమాట. పోయిన ఏడు నేను నాలుగు కల్తీలు పట్టాను. ఒక్కటీ జారిపోలేదు. నాకు గర్వమే. దాచుకోవడమెందుకు?

మా ఆయన చెంగల్రాయుడు కూడా అదే కేంద్రంలో, నా గదికి రెండు గదుల అవతల పనిచేస్తాడు. ఆయన చదువంతా ఒకే నక్షత్రం మీద. రెండు కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఒక ఎర్ర నక్షత్రం. దానికి ఎర్రక్క అని పేరు పెట్టుకున్నాడు. అది మన జీవితకాలంలోనే పేలుతుందని, పేలేముందు సరిగ్గా ఇలా వణుకుతుందని, మూడు చిన్న వణుకులు, ఒక విరామం, తర్వాత ఒక పొడుగు వణుకు అని, పదహారేళ్ల కిందట వ్యాసం రాశాడు. పెద్దపెద్దవాళ్లు నవ్వారు. క్యాంటీన్లో ఇప్పటికీ "ఎర్రక్క ఎట్లుండాది రాయుడూ? ఇంకా ప్రాణం ఉండాదా?" అని అడుగుతారు. ఆయన "ఉండాది సామీ, మీ దయ" అంటాడు. ఆ గీత బొమ్మను మా ఫ్రిజ్ తలుపుకు అంటించి పెట్టాడు. పాలు తీసినప్పుడల్లా చూసిందాన్ని కాబట్టి నిద్రలో లేపి అడిగినా గీయగలను. "నా సవతి" అంటాను నేను దాన్ని. నా పెళ్లికంటే వాళ్లిద్దరి పరిచయమే పాతది.

ఈ ఉగాది తర్వాత మా ఆయన మారాడు.

ఇంట్లో ఆఫీసు మాట ఎత్తడం మానేశాడు. సాహెబ్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నాడు. ఒకసారి కాదు, నేను చూసినవే మూడుసార్లు. భోజనాల దగ్గర నేను 'కల్తీ' అన్న మాట అంటే చాలు, నీళ్లు కావాలనో కొళాయి కట్టలేదనో లేచిపోతున్నాడు. ఒక ఆదివారం బట్టలు నానబెడుతుంటే ఆయన తెల్లచొక్కా మణికట్టు మీద ఎర్రటి మరక కనిపించింది. గోటితో గీకితే పెళుసుగా పెచ్చు ఊడింది. వాసన చూశాను. లక్క. నిజం చెబుతున్నాను, లిప్‌స్టిక్ అయినా ఇంత భయపడేదాన్ని కాదు.

ఆ రోజు చిక్కుళ్లు ఒలుస్తూ అడిగేశాను. "ఏమయ్యా, కల్తీ కలిపేది నువ్వేనా?"

ఆయన మొహం ఎర్రబడింది. "అట్లాటివి అడగాకు మే."

"కాదని చెప్పు, చాలు."

"అడగాకు అంటాండా కదా." లేచి వెళ్లి కొళాయి కట్టాడు. అది కట్టే ఉంది.

కాదని అనలేదు. అంటే ఆయనే. సరే, ఎవరో ఒకరు కలపాలి కదా, ఆయనైతే ఏం? అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నా బుర్ర ఆగదు. డిసెంబరుకు దుర్భిణి మూత పడుతుంది. ఒక్కసారి తిప్పడానికి ఇంధనం ఉంది. ఎర్రక్క పదహారేళ్లుగా వణకలేదు. దొంగ వణుకు తయారుచేయగలిగిన మనిషి, కవరులో ఏం రాయాలో తన చేతిలో ఉన్న మనిషి, ఎర్రక్క పేరు మీద ఒకటి తయారుచేసి కవరులో రాయకుండా వదిలేస్తే? నేను 'నిజం' అంటాను. కవరు విప్పుతారు. అందులో ఉండదు. దుర్భిణి ఎర్రక్క వైపు తిరుగుతుంది. దుర్భిణి మూతపడేలోగా ఒక్కసారి దాన్ని కళ్లారా చూసుకుంటాడు. చిక్కుళ్లు ఒలవడం ఆగిపోయింది. ఛీ, ఏం ఆలోచన ఇది, అనుకున్నాను. అనుకున్నంత మాత్రాన పోలేదు.

మరుసటి వారం ఆయన క్యాంటీనుకు వెళ్లినప్పుడు, నేను ఆయన బల్ల సొరుగు లాగాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. పెన్సిలుతో గీసిన కాగితాలు నాలుగు ఉన్నాయి. వణుకు గీతలు. పక్కన తారీఖులు, గంటలు. అన్నిటి మీదా అడ్డంగా కొట్టివేతలు. ఒకదానిలో మూడు చిన్నవి, ఒక విరామం. అక్కడ ఆగిపోయింది. సొరుగు మూసేశాను. ఆ సాయంత్రం ఆయన చేసిన టమేటా పప్పులో ఉప్పు రెండుసార్లు చూశాను.

అది జరిగింది జులైలో, ఒక మంగళవారం, పదీ నలభైకి.

గదిలో నేనూ, దుర్భిణికి ఆజ్ఞలు పంపే బల్ల దగ్గర కౌసల్యా ఉన్నాం. కౌసల్యది తెనాలి. చేతిలో పని లేకపోతే చున్నీ కొస నములుతూ ఉంటుంది. గంట మోగింది. తెరమీద వణుకు మొదలైంది. ఒక చిన్నది. ఇంకొకటి. ఇంకొకటి. ఆగింది. తర్వాత పొడుగ్గా, నెమ్మదిగా, ఒకటి.

మూలన నక్షత్రం సంఖ్య పడింది. కౌసల్య చున్నీ వదిలేసి నిలబడిపోయింది. "మేడమ్ గారూ! సార్‌గారి నక్షత్రమండీ! ఎర్రక్కండీ!" ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను గడియారం చూసి కీబోర్డు దగ్గరికి జరిగాను.

చేయాల్సిన పరీక్షలన్నీ చేశాను. పరికరం మీద కణాలేమీ తగల్లేదు. పక్క నక్షత్రాలు నిలకడగా ఉన్నాయి. పరికరం వేడి మారలేదు. అంటే ఇది నిజమైనా కావాలి, కల్తీ అయినా కావాలి, మూడోది లేదు. మా ఫ్రిజ్ మీది గీతను కంప్యూటరులోకి తెచ్చి దీని మీద పెట్టాను. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. అదే నన్ను భయపెట్టింది. ఇన్నేళ్లలో నేను చూసిన ప్రతి నిజానికీ ఎక్కడో ఒక సొట్ట ఉంది. ఊహించినది ఊహించినట్టే వచ్చిందంటే అది ఎవరో పంపించిందే. నాకు తెలిసింది అది.

తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు. పరుగెత్తి వచ్చాడేమో, ఒక కాలికి చెప్పు లేదు. తెర వైపు చూశాడు. పరిశీలన జరిగేటప్పుడు బయటివాళ్లు గదిలోకి రాకూడదు. ఆ నియమం రాసిన కమిటీలో ఆయన కూడా ఉన్నాడు.

"బయటికి పో అయ్యా," అన్నాను.

"మునిలక్ష్మీ, సాహెబ్‌కు ఫోన్ చెయ్. కవరు విప్పమను."

"ఎందుకు విప్పాల?"

"విప్పితే తెలస్తాది. అందులో ఇది లేదు." తెర వైపు వేలు చూపించాడు. "నేను కలపలేదు మే. నీ మీద ఒట్టు. నేను కలపలేదు."

కౌసల్య మమ్మల్ని మార్చి మార్చి చూసింది. కలిపేది తనేనని ఆయన నోటితోనే బయటపెట్టేశాడు. ఎన్నడూ నియమం దాటని మనిషి. నేను అడగలేదు కదా, ఎందుకు చెప్పాడు? కవరులో ఇది లేదని అంత గట్టిగా ఎందుకంటున్నాడు? కవరులో రాయకపోతే ఉండదు మరి, నాకు తెలియదా? నా అనుమానంలో ఒక్కొక్క ముక్కా వచ్చి కూర్చుంది. లక్క మరక, మూసిన తలుపు, సగంలో ఆగిన పెన్సిలు గీత.

గడియారంలో పద్నాలుగు నిమిషాలు మిగిలాయి. సాహెబ్ బెంగళూరులో ఉన్నారు; బీరువా రెండో తాళం చెవి ఆఫీసులోనే ఉంటుంది, ఆయన ఫోన్లో సరేనంటే చాలు. ఫోన్ చేశాను.

"మీరేమంటారమ్మా?" అన్నారు సాహెబ్. అవతల కారు హారన్లు వినిపిస్తున్నాయి. "మీ మాటే మాకు మాట."

నిజం అంటే ఏమవుతుంది? కవరు విప్పుతారు. ఉండదు. తిప్పుతారు. అక్కడ ఎర్రక్క మామూలుగా, ఏమీ కాకుండా, వెలుగుతూ ఉంటుంది. చివరి ఇంధనం పోతుంది. విచారణ వేస్తారు. ఎవరు కలిపారో తేలుతుంది. పదహారేళ్లు ఎదురుచూసిన మనిషిని దొంగ అంటారు. నేను కల్తీ అంటే ఏ గొడవా లేదు. కవరు డిసెంబరు దాకా బీరువాలో ఉంటుంది. ఇంటికి వెళ్లాక నేను తలుపేసి నాలుగు తిట్టొచ్చు. నేను ఆయన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను. దేవుడి సాక్షిగా అలాగే అనుకున్నాను.

"కల్తీ సార్," అన్నాను.

రిజిస్టరులో తారీఖు, గంట వేసి, కల్తీ అని రాసి, సంతకం పెట్టాను. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అరవలేదు, బతిమాలలేదు. పన్నెండూ పది అయ్యేదాకా, అంటే పైపొర చిరిగే నిమిషం దాకా, తెరమీది గీతనే చూస్తూ ఉన్నాడు. తర్వాత చెప్పు వెతుక్కుంటూ వరండాలోకి వెళ్లాడు.

సాయంత్రం నాలుగింటికి వార్త వచ్చింది. దక్షిణ అమెరికాలో ఏదో కొండ మీది దుర్భిణి ఎర్రక్క చోట కొత్త వెలుగును చూసిందట. తర్వాత ఇంకొకరు చూశారు. రాత్రికి లోకమంతా అటే చూస్తోంది. అందరూ చూస్తున్నది బూడిదనే. రెండు కోట్ల ఏళ్లు ప్రయాణం చేసి ఆ వణుకు నా బల్ల మీదికి వచ్చింది. నేను దానికి అరగంట నమ్మకం ఇవ్వలేకపోయాను.

మరునాడు పొద్దున ఇబ్రహీం సాహెబ్ మా ఇద్దరినీ పిలిచారు. మా ఆయన రాలేదు, నేనే వెళ్లాను. సాహెబ్ బీరువా తీసి, లక్క పగలగొట్టి, కాగితాన్ని నా ముందు పెట్టారు. మా ఆయన గుండ్రటి చేతిరాత. ఏప్రిల్ నెల, ఏమీ కలపలేదు. మే నెల, ఏమీ కలపలేదు. జూన్ నెల, ఏమీ కలపలేదు. జులై నెల, ఏమీ కలపలేదు. ఒక్కొక్క దాని కింద సంతకం.

"ఉగాదికి ఈ పని అప్పజెప్పినప్పటి నుంచి మూడుసార్లు నా దగ్గరికొచ్చి తీసేయమన్నాడమ్మా," అన్నారు సాహెబ్. ఆయన కళ్లజోడు తీసి తుడుస్తూనే ఉన్నారు. "కలపాలని గీతలు గీస్తాడంట, సగంలో కొట్టేస్తాడంట. 'ఇంట్లో ఆమె మొహం చూసి నేను అబద్ధం ఆడలేను సాహెబ్, కలిపిన రోజు నాకు అన్నం దిగదు' అన్నాడు. నేనే వదల్లేదు. కలపకపోయినా ఫరవాలేదయ్యా, కలుపుతున్నారన్న భయం ఉంటే చాలు, అన్నాను. తప్పు నాది కూడా."

"ఆయన నాకు చెప్పినాడు సార్," అన్నాను. "నా మీద ఒట్టేసి చెప్పినాడు." ఆ మాటతో ఏడుపు ఆగలేదు. సాహెబ్ ఎదురుగా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

వణుకు రికార్డు భద్రంగానే ఉంది కదా, ఊహించినట్టే వచ్చింది కదా, వ్యాసం రాయమని అందరూ అన్నారు. మా ఆయన రాశాడు. రెండు వారాలకు తిరిగి వచ్చింది. మీ కేంద్రం పరిశీలకురాలే దీన్ని కల్తీ అని ధ్రువీకరించి సంతకం చేశారు, దొంగ వణుకులు కలిపే బాధ్యత కూడా వ్యాసకర్తదేనని తెలిసింది, కాబట్టి ఈ రికార్డును ఆధారంగా తీసుకోలేము, అని మర్యాదగా రాశారు. నేను పొరబాటు పడ్డానని అయిదు పేజీల లేఖ రాశాను. దానికీ జవాబు వచ్చింది. పరిశీలకురాలు వ్యాసకర్త భార్య అని గమనించాము, అని ఒకే వాక్యం. వాళ్లను తిట్టుకుందామంటే నోరు రాలేదు. వాళ్ల స్థానంలో నేనుంటే నేనూ అదే రాసేదాన్ని.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఫ్రిజ్ మీది బొమ్మ తీసేశాడు. జిగురు మరకలు నాలుగు మిగిలాయి. వంటగదిలోకి రావడం మానేశాడు, వంట నేనే చేస్తున్నాను. మెట్ల మీద కూర్చుని మదనపల్లె వైపు దిగే లారీల దీపాలు చూస్తూ ఉంటాడు.

ఒక సాయంత్రం పక్కన కూర్చున్నాను. "తిట్టు అయ్యా," అన్నాను. "నాలుగు తిట్టు. ఇట్లా ఉండాకు."

"తిట్టి ఏం చేసేది." లారీల దీపాల మీంచి చూపు ఆకాశం వైపు తిప్పాడు. "ఎర్రక్క వెనకాల ఒక దుమ్ము మేఘం ఉండాది. ఆ మొదటి వెలుగు దానికి తగిలి మళ్లా ఇట్లా తిరుగుతాది. గోడకు కొట్టిన బంతి మాదిరి. లెక్క వేసినా. తొమ్మిదేళ్లకు ఈడికొస్తాది."

నా ప్రాణం లేచొచ్చింది. "అయితే చూడొచ్చునా? నిజంగానా?"

"చూడొచ్చు. ఎవరో ఒకరి దుర్భిణి ఉంటాది అప్పటికి." నా వైపు తిరగకుండానే, మెల్లగా, కోపం లేకుండా అన్నాడు. "ఆ పొద్దు ఆ కుర్చీలో నువ్వుండాకు మే."

ఉండనని చెప్పాను. మరునాడే పరిశీలన నుంచి తప్పించమని సాహెబ్‌కు అర్జీ ఇచ్చాను.

నిన్న టమేటా పప్పు చేశాను. ఆయన వచ్చి పీట వాల్చుకున్నాడు. సంగటి ముద్ద పెట్టి, పప్పు గిన్నె దగ్గరికి జరిపాను. చాలా రోజుల తర్వాత నోరు తెరిచి ఒక మాట అడిగాడు.

"ఉప్పేసినావా?"

"వేసినాను."

ఆయన తల ఊపాడు. గరిటె అందుకుని, రవ్వంత పప్పు అరచేతిలో పోసుకుని, నాలుకకు తగిలించుకుని చూశాడు. తర్వాత వడ్డించుకున్నాడు.